ఒక్క ఫోను పిలుపు: ఇంట్లో హింసకు గురయ్యేవారికి హెల్ప్‌లైన్ ఎలా తోడ్పడుతుంది?



కట్టు తడవకుండా ఎలా చూసుకోవాలి, మందులు ఏ వేళకు వేయాలి, ఆపరేషన్ అయినవారికి ఏం పెట్టాలి అనే సంగతులు ఆసుపత్రిలో మీకు చెబుతూనే ఉంటారు. ఈ పాఠంలో మాత్రం ఎక్స్‌రేలో కనిపించని ఒక బాధ గురించి తెలుసుకుందాం.

ఒక ఆడమనిషి చెయ్యి విరిగి ఆసుపత్రికి వస్తుంది. "బాత్‌రూములో జారిపడింది" అని వెంట వచ్చినవారు చెబుతారు. డాక్టరుగారు ఆమెనే అడిగితే ఆమె ముందు భర్త ముఖం చూసి, ఆ తరువాత "అవునండీ, జారిపడ్డాను" అంటుంది. మంచం పక్కన ఉన్న తల్లి తల వంచుకుంటుంది. ఆ తల్లికి నిజం తెలుసు. పోయిన సంక్రాంతికి కూతురు పుట్టింటికి వచ్చినప్పుడు వీపు మీద దెబ్బలు చూసింది. "కాస్త సర్దుకుపోవే. పిల్లలు ఎదిగితే అతనే మారతాడు" అని చీర పెట్టి పంపించింది.

ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు. ఊరు, కులం, మతం, చదువు, ఆస్తి వేరైనా ఈ కథ మాత్రం ఇలాగే నడుస్తుంది. ఆ తల్లి చెడ్డది కాదు. ఎవరిని అడగాలో, అడిగితే ఏమవుతుందో ఆమెకు తెలియదు. అది చెప్పడానికే ఈ పాఠం.

గృహహింస అంటే ఏమిటి?

చాలామంది కొట్టడం ఒక్కటే హింస అనుకుంటారు. మన దేశంలో 2005లో చేసిన గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టం నాలుగు రకాల హింసను గుర్తించింది.

1. శారీరక హింస: కొట్టడం, తన్నడం, కాల్చడం, గొంతు నులమడం.
2. లైంగిక హింస: ఆమె ఇష్టానికి విరుద్ధంగా, ఆమె గౌరవానికి భంగం కలిగేలా ప్రవర్తించడం.
3. మాటలతో, మనసుకు చేసే హింస: తిట్టడం, అనుమానించడం, పిల్లలు లేరని గానీ మగపిల్లవాడు లేడని గానీ దెప్పడం, పుట్టింటివారిని కలవనీయకపోవడం.
4. ఆర్థిక హింస: ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం, నగలు అమ్మేయడం, ఇంట్లోనుండి గెంటివేయడం.

ఈ చట్టం భార్యలకు మాత్రమే అనుకోకండి. ఒకే ఇంట్లో ఉంటున్న తల్లి, అక్కచెల్లెళ్లు, వితంతువైన కోడలు కూడా దీని కింద రక్షణ కోరవచ్చు.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్లయిన 18 నుండి 49 ఏళ్ల స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 30 మంది, తెలంగాణలో సుమారు 37 మంది. అదే సర్వేలో దేశం మొత్తం మీద శారీరక లేదా లైంగిక హింసకు గురైనవారిలో సహాయం కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. నూటికి 77 మంది సహాయం కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

ఈ చివరి అంకెను మరొకసారి చదవండి. దెబ్బ కంటే మౌనం ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది. హెల్ప్‌లైన్ మొదట చేసే పని ఆ మౌనాన్ని తెరవడమే.

181 అంటే ఏమిటి?

2012 డిసెంబరులో ఢిల్లీలో ఒక యువతిపై జరిగిన ఘోరం తరువాత, స్త్రీలకు దేశమంతటా ఒకే సహాయ నంబరు ఉండాలనే ఆలోచన బలపడింది. 2015 ఏప్రిల్ 1 నుండి కేంద్ర ప్రభుత్వం మహిళా హెల్ప్‌లైన్ పథకాన్ని రాష్ట్రాల ద్వారా అమలు చేస్తోంది. ఆ నంబరు 181. రాత్రింబవళ్లు పనిచేస్తుంది. డబ్బు ఖర్చు కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఈ నంబరు ఉంది. తెలుగులో మాట్లాడవచ్చు.

అదే రోజున సఖి కేంద్రాల పథకం కూడా మొదలైంది. వీటినే వన్ స్టాప్ సెంటర్లు అంటారు. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజులు తలదాచుకునే చోటు, ఇవన్నీ ఒకే కప్పు కింద దొరకాలన్నది ఈ కేంద్రాల ఉద్దేశం. 181కి ఫోను చేసినవారిని అవసరాన్ని బట్టి దగ్గరలోని సఖి కేంద్రానికి పంపుతారు.

ఫోను చేస్తే అవతల ఏం జరుగుతుంది?

చాలామంది నంబరు నొక్కబోయి ఆగిపోతారు. అవతల ఎవరుంటారో, ఏమడుగుతారో, వెంటనే పోలీసు జీపు ఇంటి ముందుకు వస్తుందేమో అని భయం. కాబట్టి వరుసగా తెలుసుకుందాం.

మొదటిది క్షేమం. ఫోను ఎత్తినవారు ముందుగా తెలుసుకోవలసింది ఆమె ఇప్పుడు ప్రమాదంలో ఉందా, దెబ్బలు తగిలాయా, పిల్లలు ఎక్కడ ఉన్నారు, స్వేచ్ఛగా మాట్లాడగలదా అన్నదే. ప్రాణానికి ముప్పు ఉంటే పోలీసులతో, అంబులెన్సుతో కలుపుతారు.

రెండవది వినడం. ప్రమాదం లేదని తేలితే ఆమెను చెప్పనిస్తారు. వరుస తప్పినా, మధ్యలో ఏడ్చినా ఫరవాలేదు. "నువ్వేం చేశావు, అతనికి ఎందుకు కోపం వచ్చింది" అని అడగడం శిక్షణ పొందినవారి పద్ధతి కాదు. ఏళ్ల తరబడి "తప్పు నీదే" అని విన్న మనిషికి, తప్పు వెతకని ఒక గొంతు వినిపించడమే సగం బలం.

మూడవది దారులు చూపడం. ఇంట్లోనే ఉంటూ రక్షణ పొందడం ఎలా, బయటికి రావలసి వస్తే ఎక్కడికి వెళ్లాలి, పిల్లల సంగతి ఏమిటి, భరణం ఎలా అడగాలి అనేవి వివరిస్తారు. ఏ దారి ఎంచుకోవాలో నిర్ణయం ఆమెదే.

నాలుగవది చేయి కలపడం. సఖి కేంద్రం, రక్షణ అధికారి, న్యాయ సేవాధికార సంస్థ, ఆసుపత్రి, వసతి గృహం, వీటిలో ఏది అవసరమైతే దానితో సంబంధం కలుపుతారు. సఖి కేంద్రంలో అయిదు రోజుల వరకు తాత్కాలికంగా ఉండవచ్చు. ఇంకా ఎక్కువ కాలం అవసరమైతే ప్రభుత్వ వసతి గృహాలకు పంపుతారు.

హెల్ప్‌లైన్ చేయలేని పనులు కూడా ఉన్నాయని తెలుసుకోండి. ఒక్క ఫోనుతో భర్త మారిపోడు. కొన్నిసార్లు లైను కలవకపోవచ్చు. ఒక్కొక్క జిల్లాలో సహాయం అందడం ఆలస్యం కావచ్చు. అప్పుడు "ఇంతేలే" అని వదిలేయకుండా మళ్లీ చేయండి. మొదటిసారి మాట్లాడినవారి పేరు, తేదీ, సమయం రాసి పెట్టుకుంటే తరువాత పని సులువవుతుంది.

కుటుంబాలవారికి వచ్చే సందేహాలు

ఫోను చేస్తే కేసు పెట్టినట్టేనా?

కాదు. సలహా కోసం చేసే ఫోను ఫిర్యాదు కాదు. అడిగి తెలుసుకుని ఊరుకోవచ్చు. నెల తరువాత మళ్లీ చేయవచ్చు.

అల్లుణ్ణి జైల్లో పెడతారేమో?

ఈ భయంతోనే చాలామంది తల్లిదండ్రులు ఆగిపోతారు. 2005 చట్టం ముఖ్యంగా రక్షణ కోసం ఉన్నది. దీని కింద ఆమె మేజిస్ట్రేటును ఆశ్రయించి, కొట్టకూడదని ఉత్తర్వు, ఇంట్లోనుండి గెంటకూడదని ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లలను తన దగ్గర ఉంచుకునే తాత్కాలిక హక్కు, నష్టపరిహారం కోరవచ్చు. ఇల్లు భర్త పేరున ఉన్నా, అత్తమామల పేరున ఉన్నా, తాను కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కును చట్టం ఆమెకు ఇచ్చింది. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును అతను ఉల్లంఘిస్తేనే ఈ చట్టం కింద శిక్ష. అది ఒక సంవత్సరం వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ కావచ్చు.

పూర్వం 498ఎ అని అందరూ చెప్పుకున్న క్రూరత్వపు నేరం 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షనుగా ఉంది. అది పోలీసు కేసు, వేరే దారి. ఏది కావాలో తెలుసుకున్న తరువాత ఆమె నిర్ణయించుకోవచ్చు.

ఆమె బదులు మేము ఫోను చేయవచ్చా?

చేయవచ్చు. తల్లి, తమ్ముడు, పక్కింటివారు, ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో రక్షణ అధికారికి సమాచారం ఇచ్చినవారిపై ఎలాంటి చర్యా ఉండదని చట్టంలో స్పష్టంగా ఉంది. అయితే వీలైనంతవరకు ఆమెతో చెప్పి చేయండి. ఆమెకు తెలియకుండా చేసిన ఫోను వల్ల ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమె. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం అనుమతి కోసం ఆగకండి.

లాయరుకు డబ్బు ఎక్కడినుండి తేవాలి?

స్త్రీలకు, ఆదాయం ఎంత ఉన్నా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా చాలు.

పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడితే సరిపోదా?

ఊరి పెద్దలు, సంఘ పెద్దలు, పాస్టరుగారు, ఫాదరుగారు మాట్లాడితే కొన్ని తగాదాలు తీరుతాయి. కానీ తగాదా వేరు, హింస వేరు. తగాదాలో ఇద్దరూ మాట్లాడగలరు. హింసలో ఒకరికి నోరు ఉండదు. భర్త ఎదురుగా కూర్చోబెట్టి "ఏమ్మా, ఏం జరిగిందో చెప్పు" అంటే ఆమె నిజం చెప్పలేదు. చెబితే ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. కాబట్టి పెద్దలు ముందు ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. ఆమెకు క్షేమమైన చోటు ఉందో లేదో చూడాలి. ఓర్చుకోమని చెప్పి పంపేసి చేతులు దులుపుకోకూడదు.

ఫోను చేసేటప్పుడు జాగ్రత్తలు

1. అతను ఇంట్లో లేనప్పుడు, లేదా పొరుగువారి ఫోను నుండి చేయడం మంచిది. ఆసుపత్రిలో ఉన్న సమయం కూడా మంచి అవకాశమే.
2. సొంత ఫోను నుండి చేస్తే, మాట్లాడిన తరువాత నంబరును జాబితాలోనుండి తీసేయాలి. అతను ఆమె ఫోనును తనిఖీ చేసే మనిషైతే వేరొకరి ఫోనే వాడాలి.
3. తిరిగి ఫోను చేయవచ్చా, చేస్తే ఏ సమయంలో చేయాలి అనేది హెల్ప్‌లైన్ వారికి ముందే చెప్పాలి.
4. మాట్లాడుతుండగా అతను వస్తే ఏమనాలో ముందే అనుకోవాలి. "రాంగ్ నంబరండీ" అని పెట్టేసినా తప్పులేదు.
5. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, మందుల చీటీలు, కొంత డబ్బు, ఒక జత బట్టలు నమ్మకమైనవారి ఇంట్లో ఉంచాలి.
6. పుట్టింటివారితో ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. ఉదాహరణకు "ఆవకాయ అయిపోయిందమ్మా" అంటే వెంటనే రమ్మని అర్థం. ఆ మాట విన్నవారు ప్రశ్నలు అడగకుండా బయలుదేరాలి, లేదా పోలీసులకు చెప్పాలి.

ఈ గుర్తులుంటే ఆలస్యం చేయకండి

దెబ్బలు రాను రాను ఎక్కువవుతున్నా, చంపుతానని బెదిరిస్తున్నా, కత్తి, కిరోసిన్ వంటివి చేతిలోకి తీసుకున్నా, గర్భిణిగా ఉన్నప్పుడు కొట్టినా ప్రమాదం దగ్గరలో ఉందని గ్రహించండి. విడిపోతానని ఆమె చెప్పిన సమయం, ఇల్లు వదిలి వచ్చిన తొలి రోజులు మరింత ప్రమాదకరం. ఆ రోజుల్లో ఆమెను ఒంటరిగా వదలవద్దు.

గొంతు నులిమినట్టు చెబితే, పైకి ఏ మచ్చా లేకపోయినా, వెంటనే డాక్టరుకు చూపించండి. లోపలి వాపు, రక్తనాళాలకు తగిలిన గాయం కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కప్పుడు కొన్ని రోజుల తరువాత కూడా బయటపడవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, ఊపిరి ఆడకపోవడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, తలతిరగడం, కాసేపు స్పృహ తప్పడం, ఇవన్నీ ముఖ్యమైన గుర్తులు. ఒకసారి గొంతు నులిమిన చేయి మరోసారి ప్రాణం తీయవచ్చు.

"బతకాలని లేదు" అని ఆమె అంటే దాన్ని బెదిరింపుగా కొట్టివేయకండి. మానసిక సహాయం కోసం 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416 ఉంది.

ఆసుపత్రిలో మీరు చేయగలిగింది

డాక్టరుగారికి నిజం చెప్పనివ్వండి. నర్సమ్మ గానీ డాక్టరుగారు గానీ "మీరు కాసేపు బయట ఉండండి" అంటే నొచ్చుకోకండి. ఆమె ఒంటరిగా మాట్లాడే వీలు కల్పించడానికే అలా అంటారు.

జారిపడిందని చెబితే కేసు షీటులో అదే రాస్తారు. జరిగింది చెబితే గాయం ఎక్కడ, ఎలా తగిలిందో సరిగా రాస్తారు. ఏడాది తరువాత కోర్టులో ఆ కాగితమే ఆమె తరఫున మాట్లాడుతుంది. వైద్యానికి కూడా నిజమే మేలు. కాలుజారి పడిన దెబ్బకు, కడుపులో తన్నిన దెబ్బకు చేసే పరీక్షలు వేరు. రక్షణ అధికారి దగ్గర ఫిర్యాదు రాయించుకోలేదన్న కారణంతో ఏ వైద్యశాలా ఆమెకు వైద్యం నిరాకరించకూడదని గృహహింస చట్టపు నియమాలు చెబుతున్నాయి. చీటీలు, రిపోర్టులు పారేయకుండా దాచండి.

అమ్మాయి విదేశంలో ఉంటే

మన ఇళ్లలో చాలామంది ఆడపిల్లలు పెళ్లి చేసుకుని దూరదేశాలు వెళ్లారు. అక్కడ చుట్టాలు ఉండరు, వీసా భర్త మీద ఆధారపడి ఉండవచ్చు. ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అనే మాట ఒక్కటే వినిపిస్తుంది. అమెరికాలో 1996 నుండి జాతీయ గృహహింస హాట్‌లైన్ పనిచేస్తోంది. నంబరు 1-800-799-7233. ఇంగ్లీషులో చెప్పుకోలేనివారికి దుబాసీని కలుపుతారు. ఇంగ్లండులో 0808 2000 247, ఆస్ట్రేలియాలో 1800 737 732. ఈ నంబర్లు ఆమెకు పంపేముందు, ఆమె ఫోను ఇంకెవరైనా చూస్తారేమో అడిగి తెలుసుకోండి.

ఏమనాలి, ఏమనకూడదు

"నువ్వు నోరు అదుపులో పెట్టుకుంటే సరిపోయేది", "మా రోజుల్లో మేం పడలేదా", "నలుగురూ ఏమనుకుంటారు", "చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆగు". ఈ మాటలు చెప్పేవారికి చిన్నవి. వినేవారికి తలుపు మూసిన చప్పుడు. ఆ తరువాత ఆమె మీకు చెప్పడం మానేస్తుంది.

వీటి బదులు ఇలా అనండి. "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను." "ఇందులో నీ తప్పు లేదు." "ఎప్పుడు వచ్చినా మన ఇంటి తలుపు తెరిచే ఉంటుంది." "నీకు ఇష్టమైతే ఇద్దరం కలిసి 181కి ఫోను చేద్దాం."

ఆమె "వద్దు" అంటే కోప్పడకండి. పిల్లల చదువు, తిండి, పరువు, అతని మీద ఇంకా మిగిలిన ప్రేమ, ఇవన్నీ తూచుకుని మాట్లాడుతోంది. ఇవాళ వద్దన్న మనిషి రేపు అడగవచ్చు. అడిగినప్పుడు మీరు అక్కడ ఉండడం ముఖ్యం.

గుర్తుంచుకోవలసిన నంబర్లు

మహిళా హెల్ప్‌లైన్: 181
అత్యవసర పోలీసు సహాయం: 112
అంబులెన్సు: 108
జాతీయ మహిళా కమిషన్ హెల్ప్‌లైన్: 7827170170
ఉచిత న్యాయ సహాయం: 15100
మానసిక సహాయం, టెలి మానస్: 14416
పిల్లల కోసం: 1098
ఇంట్లో వృద్ధులు హింసకు గురవుతుంటే: 14567

ఈ పేజీని ఇంటికి తీసుకువెళ్లడం ప్రమాదమనిపిస్తే తీసుకువెళ్లవద్దు. 181 ఒక్కటి మనసులో ఉంచుకోండి. మూడు అంకెలే.

మొదట చెప్పిన తల్లి దగ్గరికి మళ్లీ వద్దాం. ఆమె ఇంకా మంచం పక్కనే కూర్చుని ఉంది. అల్లుడు టీ తాగడానికి కిందికి వెళ్లాడు. కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. ఇప్పుడు ఆ తల్లి పెద్ద ఉపన్యాసం ఇవ్వనక్కరలేదు. కట్టు కట్టని చేతిని పట్టుకుని, "అప్పుడు నిన్ను వెనక్కి పంపడం నాదే పొరపాటమ్మా. ఈసారి నేను నీతో ఉంటాను. నర్సమ్మను పిలవనా?" అంటే చాలు. ఆమె తల ఊపితే, మిగిలిన దారి చూపడానికి ఇటు ఆసుపత్రి ఉంది, అటు 181 ఉంది.